ఊరి మానికయు చేతిఫోనును

చేతిఫోనులో పనిచేయు యాపులను గూర్చి పల్లెటూరి పెద్దలకు చెప్పదగినది ఏమున్నదని మీరు శంకింపవచ్చును. మనమందఱము వానిని వాడువారమే కాని చేయువారము కాము. ఐనను చేయువాడొకడు మన మాటకై ఎదురుచూచుచున్నాడు కనుక నేడు ఈ ప్రసంగమునకు పూనుకొంటిని. అతడు నా పూర్వవిద్యార్థి, గరివిడి ప్రాంతపువాడే. పేరు చెప్పుట అతనికి ఇష్టము లేదు. కొన్నేండ్లు పట్టణమున కొలువు చేసి, ఇల్లు చేరి, ఇపుడు ఒంటరిగా యాపులను తయారుచేయుచు జీవించుచున్నాడు.

యాపనగా ఫోనులో నుండు పనిముట్టు. సొమ్ము పంపుటకు ఒకటి, వాన కబురు తెలిసికొనుటకు ఒకటి, పంచాంగమునకు ఒకటి. పెద్ద సంస్థలలో ఒక్కొక్కదానిని పదులకొలది జనము కూడి చేయుదురు. ఒంటరివానికి పనులన్నియు తనవే. కుమ్మరి తానే మన్ను తెచ్చి, తానే సారె త్రిప్పి, తానే ఆవము కాల్చి, తానే సంతకు మోసికొని పోవునట్లు.

అతని బల్లమీద నాలుగు ఫోనులు చూచితిని. ఒక్కటియు క్రొత్తది కాదు. ఒకదాని అద్దము పగిలి సాలెగూడువలె నున్నది. “ఇదేమి నాయనా, ఈ పని చేయువానికి మంచి ఫోను వలదా?” అంటిని. “మాస్టారూ, మంచి ఫోనులో అన్నీ నడుస్తాయండి. సంతలో కూరలమ్మే అమ్మ చేతిలోని ఫోనులో నడిస్తేనే నడిచినట్టు” అని బదులు చెప్పెను. ఈ మాట నాకు నచ్చినది. తరగతిలో ముందు బల్లమీది పిల్లవానికి అర్థమైనదని పాఠము ముగించు ఉపాధ్యాయులను నేను చాలమందిని చూచియున్నాను.

ఫోను బ్యాటరీలను చూపుచు, వానిలో కొన్ని జాతులయందు మాంగనీసు కలదని అతడు చెప్పెను. మన దేశమున మాంగనీసు గనుల త్రవ్వకము 1892లో మొదలైనది మన విజయనగరము ప్రాంతముననే. టార్చిలైటు బ్యాటరీని పగులగొట్టిన మీ మనుమలు చేతులకు పూసికొను నల్లపొడిలోను ఉండునది ఆ మాంగనీసే. అది యట్లుండనిండు.

ఈ పనిలో అసలు చిక్కు మన లిపితో వచ్చును. ఆంగ్లాక్షరములు వరుసగా నిలుచును. మన ఒత్తులు క్రిందికి దిగును, గుడులు పైకెక్కును. ప్రపంచమందలి లిపులకెల్ల సంఖ్యలు కేటాయించు యూనికోడ్ అను ఏర్పాటునందు, 1991 నాటి తొలికూర్పుననే తెలుగునకు చోటు దొరకినది. అంతకు ముందును, ఆ తరువాత చాలకాలమును, అచ్చుపనివారు ఎవరి సంకేతములు వారు వాడుటచే, ఆ అక్షరములు లేని యంత్రమున తెఱచినచో వారి వ్రాత పిచ్చిగీతలవలె కనబడును. తాళపత్రమును చెదపురుగు తినును. దీనిని ఏ పురుగును తినకయే చదువ వీలు లేకుండ పోయినది.

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. ‘జ్ఞా’ అను అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక గుర్తుతో కూడి, ఐఫోనునకు చేరినచో, దానిని చూపబోయిన యాపు అప్పటికప్పుడే మూతపడుచుండెను. మరల తెఱచిన మరల మూతపడును. ఆపిల్ సంస్థవారు ఆ నెలలోనే సవరణ విడుదల చేసి దానిని చక్కదిద్దిరి. జ్ఞానమునకు మొదటి అక్షరమే అంత గొప్ప యంత్రమును పడవేయుట విని నేను నవ్వుకొంటిని. కాని నా శిష్యుడు నవ్వలేదు. “తెలుగు చదవగలిగినవాళ్లు పరీక్షించి ఉంటే ముందే దొరికేదేమో మాస్టారూ” అని మాత్రమనెను.

అట్లు పూనుకొని పనిచేసిన ఒంటరివారు తెలుగునకు లేకపోలేదు. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు ‘పోతన’, ‘వేమన’ అను పేర్లతో అక్షరరూపములను తీర్చి యిచ్చిరి. వీవెన్ అను పేరుగలవారు ఆంగ్లాక్షరముల మీటలతోనే తెలుగు వ్రాయుటకు ‘లేఖిని’ని కల్పించిరి. వాడపల్లి శేషతల్పశాయిగారును కాలెపు నాగభూషణరావుగారును ‘ఆంధ్రభారతి’లో ‘శబ్దరత్నాకరము’ మొదలగు నిఘంటువులను చేర్చి, ఒక్క మాట వ్రాసిన అన్నిటిలోను వెదకునట్లు చేసిరి. నిఘంటువును ఒడిలో పెట్టుకొని పుట తరువాత పుట త్రిప్పి చదువుకొన్న నాబోటివానికి దాని విలువ తెలియును.

ఇక నా శిష్యుని పని. పొట్టకూటికి దుకాణదారులకు, బడులకు యాపులు చేసి యిచ్చును. తనకై పెట్టుకొన్నది ఒక్కటే: పాత కొలతలను క్రొత్త కొలతలలోనికి మార్చు చిన్న పనిముట్టు. తాతలనాటి పంపకపు కాగితములను తెచ్చి, ఇన్ని కుంచములనగా ఎంత యని అడుగు యువకులు మీ యిండ్లకును వచ్చుచునే యుందురు. మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినది. దానికి పూర్వపు లెక్క నేడు ఏబదియేండ్ల వానికిని తెలియదు.

పుస్తకపు లెక్క సులభమే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి. భూమి యైనచో ఎకరమునకు నూఱు సెంట్లు. తెలంగాణమున నలువది గుంటలు. (గుంట యనగా మన వైపు చిన్నపిల్ల యని అర్థము వచ్చుట వేఱు సంగతి.) అతడు మానికకు ఎక్కడనో దొరకిన ఒక అంకె వేసి, అన్నిటిని దానితో గుణించి, నాకు చూపించెను. నేను ప్రక్కయింటి ముసలిరైతునకు చూపించితిని. ఆయన ఒక్క క్షణము చూచి, “ఇది మా ఊరి కుంచం కాదు బాబూ” అనెను.

ఆయన చెప్పినది నిజము. మానిక పేరొక్కటే, దాని కడుపు ఊరూర వేఱు. పైన రాశి నిలుచునట్లు కొలుచుట ఒక పద్ధతి, అంచుతో సమముగా కఱ్ఱతో గీసి కొలుచుట మఱియొక పద్ధతి. ఇచ్చునపుడు ఒక మానిక, పుచ్చుకొనునపుడు ఒక మానిక వాడిన మహానుభావుల కథలు మీకు నాకంటె ఎక్కువ తెలియును. యంత్రము చూపిన అంకెకు జనము దడిసిపోదురు. తప్పైనను ఒప్పనుకొందురు. ఆ తప్పు రేపు అన్నదమ్ముల తగవున సాక్ష్యముగా నిలుచును.

అందువలన అతడు దానిని మార్చినాడు. ఇపుడు అంకె ప్రక్కన ఊరి పేరుండును, కొలిచిన పద్ధతి యుండును. తెలియని ఊరికి ‘ఈ ఊరి మానిక ఇంకను తూచలేదు’ అని చూపును. ఆ యాపు మొత్తములో నాకు మిక్కిలి ఇష్టమైన వాక్యమది. మీటలమీది మాటలు చూచుపని నాకు ఒప్పగించెను. ఒకచోట ‘సమర్పించు’ అని యుండగా, దేవునికి నైవేద్యము కాదుగదా యని, ‘పంపు’ అని మార్పించితిని. గ్రాంథికము వ్రాయు నేనే ఇట్లు చేయుట మీకు విచిత్రముగా తోచవచ్చును. వ్యాసము వేఱు, మీట వేఱు.

ఆ యాపు మీ ఫోనులోని పేర్లను, బొమ్మలను చూడనడుగదు. ఈ సంగతి ఏల చెప్పుచున్నాననగా, అప్పులిచ్చు యాపులు పేర్ల పట్టికను చేజిక్కించుకొని బంధువులకెల్ల ఫోనుచేసి పరువు తీసిన ఉదంతములు మన రాష్ట్రమున జరిగినవి. అప్పులిచ్చు యాపులు ఆ పట్టికను తాకరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో నిబంధన విధించినది. కొలతల యాపునకు మీ వియ్యంకుని ఫోను నంబరుతో పనియేమి? ఏ యాపైనను పనికి మించి అడిగినచో ఇయ్యకుడు.

ఇపుడు మీతో పని. ఇట్టి వస్తువును జనమునకు అందించు అంగడి గూగుల్ ప్లే. అందు చేరుటకు ఇరువదియైదు డాలర్లు ఒక్కమాఱు కట్టిన చాలును. ఆపిల్ వారి అంగడికి ఏటేట తొంబదితొమ్మిది. అందుచే ఇతడు మొదటిదానినే ఎన్నుకొన్నాడు. మన ఊళ్లలో ఉన్నవియు ఎక్కువగా ఆ జాతి ఫోనులే. కాని 2023 నవంబరు తరువాత స్వంతపేరున ఖాతా తెఱచిన ఒంటరివారికి ఒక నియమము కలదు. యాపును అందఱి యెదుట పెట్టుటకు ముందు, కొందఱు దానికి పరీక్షకులుగా పదునాలుగు దినములు ఎడతెగక చేరియుండవలెను. మొదట ఇరువదిమంది కావలసియుండగా, 2024 డిసెంబరులో పండ్రెండుగురు చాలుననిరి. నడుమ ఒకడు తప్పుకొని సంఖ్య తగ్గినచో, మరల పండ్రెండుగురు నిండి పదునాలుగు దినములు గడువవలెను. కనుక పేరిచ్చినవారు నడుమ తప్పుకొనకుండ కనిపెట్టియుండవలెను.

అటుపైనను పని తీఱదు. ఏటేట ఫోనుల లోపలి ఏర్పాటు మాఱును. దానికి తగినట్లు సవరింపని యాపును కొంతకాలమునకు క్రొత్తఫోను కొన్నవారికి అంగడి చూపదు. “నేను ఆపేస్తే ఇది రెండు మూడేళ్ల కంటె బ్రతకదు మాస్టారూ” అని అతడే చెప్పినాడు. అందుకై ఊళ్ల మానికల పట్టికను ఎవరైనను చదువదగినట్లు వేఱుగా వ్రాసి పెట్టుచున్నాడు. కాగితముమీద నొక ప్రతి నాయొద్ద ఉంచుమని నేను పట్టుబట్టితిని, ఉంచినాడు.

మీ యింట పాత మానిక యున్నచో, ఇత్తడిదో ఇనుపదో యైన, దానిని ఖాళీగా ఒకమాఱు, అంచువఱకు నీటితో నింపి ఒకమాఱు తూచుడు. ఆ రెంటి భేదము ఎన్ని కిలోలో అన్ని లీటర్లు పట్టునని తెలియును. కొయ్యది యైనచో నీరు కాఱును. బియ్యము పోసి, ఆ బియ్యమును లీటరు కొలతలోనికి ఒంపి చూడుడు. ఊరి పేరు, అంకె, రాశిగా కొలుచుచుండిరో గీసి కొలుచుచుండిరో ఒక చీటీపై వ్రాసి పంపిన చాలును.

పరీక్షకులుగా ఇప్పటికి మా ఊరినుండి ఏడుగురు పేర్లిచ్చిరి. వారిలో ఇద్దఱివి మీటలఫోనులు. వానిలో ఈ యాపు నడువదు కనుక వారు లెక్కకు రారట. వారి మానికలను మాత్రము తూచి వ్రాసికొంటిమి. ఇంకను ఏడుగురు కావలెను.