పేరు వారిదే, ఉత్తరం వారిది కాదు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అపరిచితుల మోసాల గురించి పత్రికలు చాలానే వ్రాశాయి. నేను చెప్పదలచినది పరిచయస్తుల పేరున వచ్చే ఈ-మెయిళ్ల సంగతి. మన సభ్యులొకరికి తమ పూర్వపు సూపరింటెండెంటు గారి పేరుతో ఉత్తరం వచ్చింది. "ఆసుపత్రిలో ఉన్నాను, ఫోనులో మాట్లాడలేను, ఇరవై వేలు సర్దండి, ఎల్లుండి పంపుతాను" అని. వీరు "తమరేనా?" అని తిరిగి వ్రాశారు. "నేనేనయ్యా" అని జవాబు. డబ్బు వెళ్లింది. ఆ వేళ సూపరింటెండెంటు గారు ఇంట్లో మనుమడికి లెక్కలు చెబుతున్నారు!

తపాలా కవరు మీద 'పంపువారు' అన్నచోట ఎవరి పేరైనా వ్రాయవచ్చు, పోస్టుమాను అడగడు. ఈ-మెయిల్ పంపకానికి 1982లో వెలువడిన నియమావళిలోనూ పంపినవారెవరో రుజువు చేసే ఏర్పాటు లేదు. తరువాత చిరునామాను పరీక్షించే పద్ధతులు వచ్చాయి గాని, పైన కనిపించే పేరు నేటికీ పంపేవాని ఇష్టమే. సెల్‌ఫోనులో తరచు ఆ పేరొక్కటే కనబడుతుంది. దానిపై నొక్కి అసలు చిరునామా చూడాలి. ఇంగ్లీషు 'ఎం' అక్షరానికి బదులు 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి ఏమార్చేవారున్నారు. మన కళ్లద్దాలకు ఆ తేడా ఆనదు.

చిరునామా సరిపోయినా నమ్మరాదు. పాస్‌వర్డు దొంగిలించినవాడు మిత్రుని పెట్టెలోనే కూర్చొని, పాత ఉత్తరాలు చదివి, ఆయన ధోరణిలోనే వ్రాయగలడు. అందుకే ఆ ఉత్తరానికే జవాబిచ్చి విచారించడం దండగ. ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాక, మన డైరీలోని పాత నంబరుకు ఫోను చేయాలి. "ఫోను చేయవద్దు" అంటే తప్పక చేయాలి. మొహమాటమెందుకు? పై అధికారి నోటిమాట మీద, సంతకం లేకుండా ఏ బిల్లూ పాసు చేయని వాళ్లం గదా మనం!

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే బ్యాంకుకు, 1930 నంబరుకు ఫోను చేయండి. సొమ్ము ఖాతాలు మారకముందే ఆపించే అవకాశముంటుంది. మన మిత్రులు పిల్లలకు చెప్పడానికి సిగ్గుపడి మూడు రోజులు ఊరకున్నారు. అప్పటికి ఆ ఖాతా ఖాళీ.

కార్యవర్గానికి ఒక్క విన్నపం. సంఘం తరఫున ఎవ్వరూ ఈ-మెయిల్ ద్వారా డబ్బు అడగరని నేడే తీర్మానించి, ప్రత్యేక సంచికలో మొదటి పుటనే ప్రచురించవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.