పాత సౌండ్ కార్డు, కొత్త మదర్‌బోర్డు



పాత కంప్యూటరు పాడైపోయి కొత్తది తెచ్చుకున్నవాళ్లకు ఒక చిక్కు వస్తూ ఉంటుంది. పాతదానిలోంచి తీసిన సౌండ్ కార్డు బాగానే ఉంటుంది. కాని కొత్త మదర్‌బోర్డులో దాన్ని గుచ్చడానికి చోటే కనిపించదు. "ఎందుకు సార్ ఇది? బోర్డులోనే సౌండ్ ఉంది కదా!" అంటాడు అంగడి కుర్రవాడు. వినడానికైతే అది చాలు, నిజమే. నాకు కావలసింది వినడం కాదు, ఎక్కించడం.

నేను హైస్కూల్లో చదువుతుండగా, 1994లో, మా మేనత్త పాడిన పెండ్లిపాటలు అరవై నిమిషాల క్యాసెట్టు ఒకటి మా ఇంట్లో ఉంది. బళ్లారి 1953లోనే మైసూరు రాష్ట్రంలో కలిసింది గాని, మా ఇండ్లలో పాట తెలుగులో మొదలై, మధ్యలో కన్నడ మాటలను కూడా చంకనేసుకొని నడుస్తుంది. అత్తమ్మ ఇప్పుడు లేదు. ఆ క్యాసెట్టుకు రెండో ప్రతి కూడా లేదు. టేపు ఇంకెన్నిసార్లు తిరుగుతుందో చెప్పలేం.

ముందు కొత్త బోర్డు వెనక ఉండే నీలిరంగు రంధ్రంలోనే తీగ పెట్టి చూశాను. మీరూ మొదట అదే చేయండి, చాలామందికి దానితోనే పని అయిపోతుంది. నా బోర్డులో మాత్రం పాట వెనక సన్నగా ఒక ఊళ వినిపించింది. చవకగా దొరికే యు.ఎస్.బి. ముక్కలు కొన్నిటిలో మైకు రంధ్రం తప్ప లైన్ ఇన్ ఉండదు. అందుకని అటకమీది సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డును దించాను. ఇది 1998లో వచ్చిన రకం.

మీ చేతిలో ఉన్నది ఏ రకమో ముందు తెలుసుకోవాలి. 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 వంటివి ఎక్కువగా ఐ.ఎస్.ఎ. కార్డులు. వాటి స్లాట్లు 2000 దరిదాపుల నుంచి బోర్డులలో కనుమరుగయ్యాయి. అదే అయితే ఆశ వదులుకోవడమే మేలు. లైవ్ కార్డు పి.సి.ఐ. రకం. కొత్త బోర్డుల్లో ఉండేది పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్. పేర్లు అన్నదమ్ముల్లా ఉన్నా ఒకదానిలో ఒకటి పట్టదు. రెండిటి మధ్య దుబాసీగా ఒక అడాప్టరు దొరుకుతుంది, దానిమీద బ్రిడ్జి చిప్పు ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ స్లాటు 12 వోల్టులు, 3.3 వోల్టులు ఇస్తుంది గాని, పాత కార్డుకు కావలసిన 5 వోల్టులు ఇవ్వదు. అందుకే చాలా అడాప్టర్లకు పవర్ సప్లయి నుంచి విడిగా తీగ తగిలించాలి. నేను మొదటిసారి ఆ తీగ మరిచిపోయి, కార్డు చచ్చిందనుకొని ఒక రాత్రంతా దిగులుపడ్డాను.

ఈ పని చేసేటప్పుడు కరెంటు ప్లగ్గు పూర్తిగా పీకేయాలి. స్విచ్చి ఆపితే చాలదు. చేత్తో ముందు డబ్బా ఇనుమును తాకి, ఆ తరువాత కార్డును ముట్టుకోండి. అడాప్టరు మీద గుచ్చితే కార్డు ఎత్తుగా నిలబడుతుంది, డబ్బా మూత పడదు. నాది ఇప్పటికీ మూత లేకుండానే ఉంది.

ఇక డ్రైవరు సంగతి. విండోస్ 11 పూర్తిగా 64 బిట్ల వ్యవస్థ. కార్డుతో వచ్చిన పాత సీడీలోని 32 బిట్ల డ్రైవర్లు అందులో పనిచేయవు. లినక్స్‌లో ఈ కార్డుకు కావలసిన డ్రైవరు కెర్నెల్‌తోపాటే వస్తుంది, దాని పేరు ఈ.ఎం.యు.10కె1. పెన్ డ్రైవ్ నుంచి లినక్స్ నడిపిస్తే చాలు, హార్డ్ డిస్కులోని విండోస్ జోలికి వెళ్లనక్కరలేదు. కార్డు కనిపించింది గాని స్పీకరులో చప్పుడు లేదు. మిక్సరులో 'అనలాగ్/డిజిటల్ అవుట్‌పుట్ జాక్' అనే మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే శబ్దం డిజిటల్ దారిన పోతుంది, మామూలు స్పీకరుకు రాదు. దాన్ని ఆపాలి! ఇది కనిపెట్టింది నేను కాదు, మా తొమ్మిదో తరగతి పిల్లవాడు. రికార్డింగుకు 'లైన్' ఎంచుకోవడం కూడా అక్కడే.

టేపురికార్డరు తీగను మైకు రంధ్రంలో పెట్టకండి. శబ్దం పగిలిపోతుంది, స్టీరియో కూడా పోతుంది. క్యాసెట్టు వెనక అంచులోని ప్లాస్టిక్ పలకలు రెండూ విరిచేయండి, పొరపాటున కూడా దానిమీద మరొకటి రికార్డు కాదు. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడిచి, ఆరాక మొదలుపెట్టండి. ఈ కార్డు లోపల 48,000 హెర్ట్జ్ మీదే నడుస్తుంది, కాబట్టి రికార్డింగూ అంతే పెట్టండి. 16 బిట్ల స్టీరియోలో గంటకు సుమారు 690 మెగాబైట్లు అవుతుంది. ఎం.పి.3గా కుదించడం తరువాతి మాట, అసలు ఫైలును మాత్రం రెండు చోట్ల దాచండి.

మొదటి వైపు పోయిన ఆదివారం ఎక్కింది. రెండో పాటకూ మూడో పాటకూ నడుమ అత్తమ్మ దగ్గి, "నీళ్లు తే రా" అంటుంది. ఆ తెమ్మన్నది నన్నే. రెండో వైపు టేపు ఒకచోట నలిగి ఉంది, దాన్ని చేత్తో మెల్లగా సరిచేసి వచ్చే ఆదివారం తిప్పాలి.