చర్చిల్ నోట్లో మన లంక చుట్ట ఉందా?

పెండిల్ హిల్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం చుట్ట గురించి మాట్లాడతానంటే మా ఆవిడ, "ఆదివారం పూట మీకు ఇంతకన్నా మంచి విషయం దొరకలేదా?" అంది. చుట్ట తాగమని చెప్పడానికి కాదు లెండి. చిన్నప్పటి నుంచి నమ్మిన ఒక కథ ఈ మధ్య మా ఇంట్లో పంచాయితీకి వచ్చింది. ఆ సంగతి మీతో చెప్పుకుందామని.

మాది గోదావరి లంక గ్రామం. మా తాతయ్య లంక పొగాకు పండించేవాడు. వరద తీసిన తర్వాత నది వదిలిపెట్టిన ఒండ్రు మట్టిలో నారు వేసేవాళ్ళు. శీతాకాలమంతా పెరిగి, ఎండలు ముదిరేలోగా ఆకు కోతకు వచ్చేది. ఆ ఆకు ఘాటు తాగేవాళ్ళకే తెలుసు. సాయంత్రం అరుగు మీద కూర్చుని, చుట్ట వెలిగించి తాతయ్య ఒకటే మాట అనేవాడు: "ఒరేయ్, ఇంగ్లండు ప్రధానమంత్రి చర్చిల్ నోట్లో ఉండేది మన లంక పొగాకేరా! యుద్ధం జరుగుతున్నా ఓడల్లో తెప్పించుకున్నాడు."

మా వైపు వాళ్ళు చాలామంది ఈ మాట వినే ఉంటారు. నేనూ ఎన్నో విందుల్లో చెప్పాను. సిడ్నీ వచ్చాక ఇక్కడి తెల్లవాళ్ళకి చెప్పడంలో మరీ సరదా. చర్చిల్ పేరు వినగానే వాళ్ళు తల తిప్పి చూస్తారు కదా!

పోయిన టర్మ్‌లో మా మనవడికి బళ్ళో "మీ కుటుంబ చరిత్ర రాయండి" అని పని ఇచ్చారు. వాడికి పదేళ్ళు. నేను ఉత్సాహంగా చర్చిల్ కథ చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "తాతా, లంక అంటే మన షాపు అంకుల్ వాళ్ళ శ్రీలంకా?" అన్నాడు. వాడి తప్పేం లేదు. పెండిల్ హిల్ స్టేషన్ పక్కన వాడు రోజూ చూసేది శ్రీలంక తమిళుల కొట్లే. లంక అంటే నీళ్ళ మధ్య నేల అనీ, గోదావరిలో ఇలాంటివి చాలా ఉన్నాయనీ చెప్పాను. రాసుకున్నాడు. తర్వాత రెండో ప్రశ్న వేశాడు. "చర్చిల్ అదే తాగాడని నీకెలా తెలుసు?"

"మా తాతయ్య చెప్పాడు."

"ఆయనకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. "పెద్దవాళ్ళు చెప్తే వినాలిరా" అని కసిరాను. వాడు పెన్సిలు పక్కన పెట్టేశాడు. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు కొట్లో తిరుచ్చి మిత్రుడొకాయన కనిపిస్తే ఈ గొడవ చెప్పాను. ఆయన పకపకా నవ్వి, "మీ గోదావరి ఎక్కడ సార్? చర్చిల్ తాగింది మా తిరుచ్చి చుట్ట. ఊళ్ళో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు" అన్నాడు. దిండిగల్ చుట్టుపక్కల పండిన ఆకుతో తిరుచ్చిలో చుట్టలు చుట్టడం పాత పరిశ్రమే. ట్రిచినాపల్లి చుట్ట అంటే విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో అందరికీ తెలుసు. ఒకే మనిషి నోట్లో రెండు ఊళ్ళు చుట్ట పెడుతున్నాయి. ఇద్దరికీ సాక్షి తాతయ్యే! అప్పుడు నాకు అనుమానం గట్టిపడింది. సరే, మన షెర్లాక్ హోమ్స్ లాగా విచారిద్దాం అనుకున్నాను.

ముందు చర్చిల్ జీవితం చూద్దాం. ఆయన 1895 నవంబరులో, ఇరవై ఒకటో ఏడు నిండబోతుండగా, క్యూబాలో జరుగుతున్న యుద్ధం చూడటానికి వెళ్ళాడు. హవానా సిగార్ల మీద మోజు అక్కడే స్థిరపడింది. మరుసటి ఏడు, 1896లో, తన హుస్సార్ల దళంతో బెంగుళూరు వచ్చాడు. 1899లో ఇండియా వదిలి వెళ్ళాడు. బెంగుళూరు క్లబ్బు పద్దు పుస్తకంలో ఆయన పేరు మీద పదమూడు రూపాయల బాకీ ఇప్పటికీ ఉంది. బెంగుళూరులో ఉండగా మద్రాసు రాజధాని చుట్ట ఒకటో రెండో కాల్చి ఉండవచ్చు, కాదనను. కానీ మన ప్రశ్న అది కాదు. ఇష్టమైన చుట్ట ఏది?

ఇష్టం తెలియాలంటే పొగడ్తలు కాదు, బిల్లులు చూడాలి. లండన్‌లో సెయింట్ జేమ్స్ వీధిలో రాబర్ట్ లూయిస్ అని ఒక సిగార్ల దుకాణం ఉండేది. చర్చిల్ అక్కడ 1900లో ఖాతా తెరిచాడు. 1965 జనవరిలో చనిపోయే ముందు దాకా, అంటే అరవై ఏళ్ళు దాటి, ఆ ఖాతా నడిచింది. అందులో ప్రధానంగా కనిపించేది హవానా సరుకు. రోమియో ఇ జూలియెటా, లా అరోమా డి కూబా అనే రెండు క్యూబా రకాలంటే ఆయనకి బాగా ఇష్టం. రోమియో ఇ జూలియెటా వాళ్ళయితే దాదాపు ఏడంగుళాల పొడవున్న ఒక రకానికి ఆయన పేరే పెట్టుకున్నారు.

మరి యుద్ధం నాటి ఓడల సంగతి? 1941లో క్యూబా నుంచి ఆయనకి సిగార్లు బహుమతిగా వచ్చాయి. వాటిలో ఎవరైనా విషం కలిపారేమోనని బ్రిటిష్ గూఢచారి శాఖలో పనిచేసే లార్డ్ రాత్‌షీల్డ్ పరీక్షలు చేయించాడు. ఓడెక్కి వచ్చిన సిగార్ల కథ నిజమే, కాకపోతే అవి క్యూబావి. చర్చిల్‌కి ఇష్టమైన చుట్ట మన లంకదని చెప్పడానికి ఆధారం లేదు. తిరుచ్చి మిత్రుడికీ అదే చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇద్దరం ఓడిపోయాం సార్" అన్నాడు.

ఓడిపోయామా అంటే, పూర్తిగా కాదు. ఈ వెతుకులాటలో నాకు ఇంకోటి దొరికింది. నేను హోమ్స్‌ని ఊరికే తలుచుకున్నాను గానీ, చూస్తే ఆయనే మనకి సాక్షి! కోనన్ డాయిల్ 1887లో రాసిన మొదటి నవలలో హోమ్స్ నేల మీద బూడిద చూసి అది ట్రిచినాపల్లి చుట్టదని పట్టేస్తాడు. 1890లో వచ్చిన రెండో నవల 'ద సైన్ ఆఫ్ ఫోర్'లో నూట నలభై రకాల పొగాకు బూడిదల మీద తాను ఒక పుస్తకమే రాశానంటాడు. హంతకుడు తాగినది ఇండియన్ 'లుంకా' అని తెలిస్తే వెతికే పని ఎంత తేలికవుతుందో వాట్సన్‌కి చెప్తాడు. ఆ లుంకా ఎవరిదనుకున్నారు? మనదే! 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ అనే ఆంగ్లో ఇండియన్ నిఘంటువులో చూడండి. గోదావరి డెల్టా లంకల్లో పండిన పొగాకుతో చేసే ఘాటైన చుట్ట అని లుంకాకి అర్థం ఇచ్చారు. అదే నిఘంటువులో ఆ మాటకి సింహళం అన్న అర్థం కూడా వేరుగా ఉంది. మా మనవడి అనుమానం దాదాపు నూటనలభై ఏళ్ళ కిందటి పండితులకీ వచ్చిందన్నమాట.

చూశారా, తాతయ్య చెప్పిన కథ నిలబడలేదు గానీ, ఆయన పండించిన ఆకు పేరు ఇంగ్లీషు పుస్తకాల్లో నిలబడింది. అసలు చర్చిల్ కాల్చాడంటేనే మన పంటకి విలువా? 1943లో బెంగాల్ కరువులో లక్షల మంది, ముప్పై లక్షల దాకా అంటారు, చనిపోయినప్పుడు బ్రిటన్ ప్రధాని ఆయనే. అందులో ఆయన బాధ్యత ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. ఆయన పేరు చెప్పుకుని మురిసిపోయే ముందు నేను ఆ సంగతి ఒక్కసారీ తలుచుకోలేదు.

ఇంకో మాట చెప్పాలి. ఇది చెప్పడం నాకు కష్టం. మా అమ్మమ్మది శ్రీకాకుళం వైపు. ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగడం. ఆ వైపు ఆడవాళ్ళలో ఇది మామూలే. గాలికి ఆరిపోదని చెప్పేది. చివరి రోజుల్లో అంగిట్లో పుండు పడి గంజి కూడా మింగలేకపోయింది. ఇంట్లో అందరూ "నోటిపూత" అన్నారు. నేనూ అదే నమ్మాను. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చలు, పుళ్ళ గురించి వైద్యులు రాసిన వ్యాసం 1971లోనే అచ్చయింది. నేను దాని గురించి చదివింది ఈ చుట్ట విచారణలోనే. యాభై ఏళ్ళు చర్చిల్ నోటి గురించి చెప్పుకున్న వాణ్ణి, మా అమ్మమ్మ నోటి గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మనవణ్ణి పిలిచి, ముందు కసిరినందుకు "తప్పు నాదేరా" అన్నాను. తర్వాత మొత్తం చెప్పాను. అమ్మమ్మ సంగతి కూడా. వాడు కాసేపు ఆలోచించి, "అయితే చర్చిల్‌ని తీసేసి ఆవిడని పెట్టనా?" అన్నాడు. పెట్టమన్నాను. లంక, పొగాకు, హోమ్స్, ముత్తవ్వ, నలుగురూ వాడి కాగితం మీదకి ఎక్కారు. అమ్మమ్మ పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో మాత్రం మూడుసార్లు అడిగాడు.

మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి కథలు ఉంటాయి. నిజాం గారు మెచ్చిన మామిడి పండనో, గవర్నరు దొర తిన్న పూతరేకులనో. చెప్పుకోండి, సరదాగా ఉంటాయి. పిల్లలు "నీకెలా తెలుసు?" అంటే మాత్రం నాలాగా కసరకండి. వాళ్ళతో కూర్చుని వెతకండి.

మా ఆవిడ రేడియో దగ్గరే ఉన్నట్టుంది, టైమైపోయిందని మెసేజ్ పెడుతోంది. ఇక సెలవు. నమస్కారం.