స్టాకు ఉంది, ఎవరికి ఇవ్వాలి?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

"నువ్వు చేసే పని గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు కార్యదర్శిగారు. నేను మందుల గోడౌన్లకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. మెడికల్ షాపు ఆర్డరు పెడితే ఏ ర్యాకులోని ఏ బ్యాచ్ తీయాలో, అది ఏ లారీ ఎక్కాలో చెప్పడం దాని పని.

మీలో షాపులున్నవారికి ఇది అనుభవమే. స్టాకిస్టుకు ఫోన్ చేస్తే "స్టాకు ఉందండీ" అంటాడు. సరుకు మాత్రం రాదు. అబద్ధమాడాడని తిట్టుకుంటాం. చాలాసార్లు అది అబద్ధం కాదు. కంప్యూటర్లో రెండు లెక్కలుంటాయి: ర్యాకులో ఉన్నదెంత, అందులో ఇంకా ఎవరికీ కేటాయించనిదెంత. 100 పెట్టెలూ కేటాయించేస్తే సరుకు కళ్లముందే ఉంటుంది, ఇవ్వడానికి ఒక్కటీ ఉండదు.

మందుల్లో ముందు గడువు తీరేది ముందు పంపాలి. అది యంత్రానికి తేలికే. తిరకాసంతా సరుకు చాలనప్పుడు.

100 పెట్టెల ఇన్సులిన్ ఉందనుకోండి. పెద్దాస్పత్రి 60 అడిగింది, పట్నంలో షాపు 50, లారీ వెళ్లే చివరి ఊళ్లోని చిన్న షాపు 30. వచ్చిన వరుసలో ఇస్తే 60, 40, సున్నా. ఆ చిన్న షాపాయన రాత్రి కొట్టు కట్టేశాక ఆర్డరు పెడతాడు, కాబట్టి ఎప్పుడూ ఆయనే చివర. ఆ ఊళ్లో ఇన్సులిన్ వాడే మనిషి మర్నాడు బస్సెక్కి పట్నం పోవాలి. మనం బళ్లో నేర్చుకున్న నిష్పత్తి ప్రకారం పంచితే 43, 36, 21. లెక్కల మాస్టారు ముందు వరుసలోనే ఉన్నారు, సరిచూడవచ్చు! అయితే ఈ కిటుకు తెలిసినవాళ్లు 30 కావలసిన చోట 60 రాస్తారు. అందుకే గడిచిన నెలల్లో నిజంగా ఎంత కొన్నారో చూసి పంచడమే నయమని నా అభిప్రాయం.

ఇంకో చిక్కుంది. పెద్ద ఆర్డరొకటి పాత బాకీ తేలక ఆగిపోతుంది. దానికి కేటాయించిన సరుకు కదలదు, డబ్బు కట్టినవాడికి దొరకదు. అందుకని ఆర్డరు రాగానే కాకుండా, లారీ వేళ దగ్గరపడ్డాక కేటాయించమంటాం.

తీసిన సరుకును డాక్ దగ్గర, గీతలు గీసిన నేలమీద ఊరివారీగా పేర్చడాన్ని స్టేజింగ్ అంటారు. చివరి ఊరి సరుకు ముందు ఎక్కాలి, మొదట దించేది లారీ తలుపు దగ్గరుండాలి. ఇన్సులిన్‌తో ఇంకా జాగ్రత్త. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, మే నెల ఎండల్లో డాక్ మీద పెట్టి లారీ కోసం ఎదురుచూడలేం. అందుకే లారీ గేటు దాటాకే చల్లగది సరుకు తీయమని సాఫ్ట్‌వేర్ చెబుతుంది. లారీ వచ్చిందని దానికి చెప్పేది వాచ్‌మన్. మొత్తం సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికంటే గౌరవమున్నది ఆయన నొక్కే మీట మీదే.

ఎలా పంచాలో మేం నిర్ణయించం, గోడౌన్ యజమాని ఎంచుకోవాలి. ఆయన ఏదీ ఎంచుకోకపోతే మా దాంట్లో వచ్చిన వరుసే నడుస్తుంది. అందుకే కొత్త గోడౌన్‌కు వెళ్లగానే నేను మొదట అడిగేది "సరుకు చాలనప్పుడు చివరి ఊరికి ఎంత?" అని. షాపులున్న మిత్రులు మీ స్టాకిస్టును కూడా ఇదే అడగండి.

భోజనాల వేళైంది. సెలవు.