జెనీవాలో మానవహక్కుల విద్య

మానవహక్కులను, ప్రపంచరాజకీయములను విదేశమున అభ్యసింపఁగోరువారికి జెనీవావంటి నగరము అరుదు. నానాజాతిసమితి అచట కొలువుదీరియున్న కాలమున, 1927లో, విలియం రాపార్, పాల్ మాంతూ అను పండితులు నెలకొల్పిన అంతర్జాతీయాధ్యయన సంస్థలో, నాజీలచే జర్మనీలో పదవి కోల్పోయిన న్యాయశాస్త్రవేత్త హాన్స్ కెల్సెన్ 1933 మొదలు కొన్నియేండ్లు బోధించెను.

నేఁటి విద్యార్థి, అనుమతిపత్రము దొరకినచో, మందుపాతరలకు నిరసనగా నిలిపిన 12 మీటర్ల కాలువిరిగిన కొయ్యకుర్చీని దాఁటి ఐక్యరాజ్యసమితి భవనమునఁ బ్రవేశించి, 47 సభ్యరాజ్యముల మానవహక్కుల మండలి పక్షమున ఒక్కొక్క దేశమును మూడున్నర గంటలు ఇతరదేశములు ప్రశ్నించు సమీక్షను ఆలకింపవచ్చును. మిత్రదేశపు స్తుతిలో దాఁగిన బేరమేదో, మౌనమునకుఁ గారణమేదో పసిగట్టుటయే, నా యుద్దేశమున, అసలైన చదువు, పుస్తకములు తరువాతివి. ఆ సంస్థలో బోధన ఇంగ్లీషునను, ఫ్రెంచునను జరుగును. ఇంటియద్దెలు మాత్రము గుండె గుభేలుమనిపించును.