మూడు జపాన్ సీసాలు, మా అమ్మ అడిగిన ఒక ప్రశ్న

ఇవాళ ఎపిసోడ్ చోడవరంలో మా ఇంటి మేడ మీద నుంచే. వెనకాల ట్రాక్టర్ల సౌండ్ వస్తే ఏమీ అనుకోకండి, చెరుకు సీజన్. ఎడిటింగ్‌లో తీసేద్దామని చూశాను, అవ్వలేదు, వదిలేశాను.

రెండు నెలలుగా కామెంట్స్‌లో ఒకటే గోల. "బ్రో, జపాన్ నుంచి ఏం సీసాలు తెచ్చావ్, చూపించు" అని. సరే, చూపిస్తాను. ముందే ఒక మాట. మన ఆంధ్రాలో మందు కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. జపాన్‌లో 20. ఆ వయసు రానివాళ్లు జపాన్ కబుర్ల కోసం వినండి, సీసాల కోసం కాదు. ఇంకోటి, ఇది ఎవరూ డబ్బులిచ్చి చెప్పిస్తున్నది కాదు. మూడూ నా జీతంతో కొన్నవే.

మూడే ఎందుకంటే, దానికో లెక్కుంది. బయటి దేశం నుంచి వచ్చేటప్పుడు మనిషికి రెండు లీటర్ల వరకే డ్యూటీ లేకుండా తెచ్చుకోనిస్తారు. 700, 700, 500. మొత్తం 1900 మిల్లీలీటర్లు. ఇంకో వంద మిగిలిపోయిందే అని ఫ్లైట్‌లో బాధపడ్డాను చూడండి, చదివిన బీటెక్ ఎక్కడికీ పోదు.

మొదటిది కకుబిన్. పసుపు లేబుల్, గాజు మీద తాబేలు డిప్పలాంటి గళ్లు. కకుబిన్ అంటే పలకల సీసా అని, అంతే. సంటోరీ వాళ్లు 1937లో తెచ్చారు. ఇది గొప్పవాళ్ల విస్కీ కాదండి, అక్కడ ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్లినా ఉంటుంది. దీన్ని ఒట్టిగా తాగేవాళ్లు తక్కువ. గ్లాసు నిండా ఐసు, ఒక వంతు విస్కీ, మూడు నాలుగు వంతుల సోడా. అదే హైబాల్. మీకో విషయం చెప్పాలి. జపాన్‌లో విస్కీ అమ్మకాలు 1983లో పీక్‌కి వెళ్లి, అక్కడి నుంచి పాతికేళ్ల పాటు పడిపోతూనే ఉన్నాయి. కుర్రాళ్లకి అది నాన్నలు తాగే మందు అయిపోయింది. 2008 ఆ ప్రాంతంలో ఈ హైబాల్‌ని మళ్లీ జనంలోకి తీసుకొచ్చారు, అప్పుడు లేచింది. కానీ అమ్మకాలు పడిపోయిన రోజుల్లో కంపెనీలు పీపాల్లోకి తక్కువ సరుకే పోశాయి కదా. పన్నెండేళ్ల విస్కీ కావాలంటే పన్నెండేళ్ల కిందటే పోసి ఉండాలి. సర్వర్ లోడ్ పెరిగింది కదా అని రాత్రికి రాత్రి స్కేల్ చేయడానికి ఇది క్లౌడ్ కాదు. అందుకే 2018లో హకుషు 12, హిబికి 17 ఆపేశారు. యమజాకి 12 మామూలు ధరకి కనపడితే అదృష్టమే. నాకు కనపడలేదు.

రెండోది నిక్కా ఫ్రమ్ ద బ్యారెల్. ఇదిగో, బుడ్డ సీసా. 500 ఎంఎల్, ఆల్కహాల్ 51.4 శాతం. 1985 నుంచి వస్తోంది. దీని గురించి చాలామందికి తెలియని సంగతి: ఇప్పుడున్న రూల్ ప్రకారం ఇది "జపనీస్ విస్కీ" కిందికి రాదు. నేను చెప్పేది కాదు, తయారుచేసే కంపెనీయే చెప్తుంది. అంతకుముందు బయటి దేశం విస్కీ ట్యాంకర్లలో తెచ్చి జపాన్‌లో సీసాకెత్తినా జపనీస్ విస్కీ అనేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి అక్కడి తయారీదార్ల సంఘం కట్టుబాటు పెట్టుకుంది. నీళ్లు జపాన్‌వి అవ్వాలి, పులియబెట్టడం, బట్టీ పట్టడం అక్కడే జరగాలి, కనీసం మూడేళ్లు చెక్క పీపాలో ఉండాలి. పాత సరుకు సర్దుకోడానికి 2024 మార్చి దాకా గడువిచ్చారు. మరి ఈ సీసా ఎందుకు తెచ్చావ్ అంటారా? బాగుంటుంది కాబట్టి. రూల్ వేరు, రుచి వేరు.

మూడోది యోయిచి సింగిల్ మాల్ట్. దీని దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే ఆ ఊరు వెళ్లొచ్చాను. హొక్కైదోలో సప్పోరో నుంచి ఒతారు మీదుగా రైల్లో వెళ్లాలి. స్టేషన్ దిగితే ఎదురుగానే రాతి గేటు. దీని వెనకున్న మనిషి పేరు మసతక తకెత్సురు. హిరోషిమా దగ్గర తకెహారాలో సాకే కాచే కుటుంబం వాళ్లది. 1918లో స్కాట్లాండ్ వెళ్లి కెమిస్ట్రీ చదివి, విస్కీ బట్టీల్లో పనిచేసి, ప్రతిదీ నోటుబుక్కులో రాసుకున్నాడు. 1920లో రీటా కోవన్ అనే అక్కడమ్మాయిని పెళ్లి చేసుకుని తిరిగొచ్చాడు. రెండు వైపులా ఇళ్లల్లో ఒప్పుకోలేదు. 1923లో పనులు మొదలైన యమజాకి డిస్టిలరీ కట్టడంలో సంటోరీ స్థాపకుడు తోరీ షింజిరో దగ్గర పనిచేశాడు. తర్వాత బయటికొచ్చి 1934లో యోయిచిలో సొంతంగా మొదలెట్టాడు. విస్కీ తయారవ్వాలంటే ఏళ్లు పడుతుంది, అప్పటిదాకా తిండి? యాపిల్ జ్యూస్ అమ్మాడు. కంపెనీ పేరే దాయి నిప్పన్ కజు, అంటే పళ్లరసం కంపెనీ. అందులోంచి వచ్చిందే నిక్కా. మొదటి విస్కీ బయటికొచ్చేసరికి 1940.

అక్కడ ఇప్పటికీ బట్టీ కింద బొగ్గు మంటే. పారతో బొగ్గు ఎగేసే మనిషిని చూశాను. రాగి బట్టీల మెడకి తెల్ల కాగితాలు వేలాడే గడ్డి తాడు కట్టి ఉంటుంది, గుళ్లో కట్టేలాంటిది. సాకే కాచే ఇళ్ల ఆచారం. నాకైతే దసరాకి మనవాళ్లు ట్రాక్టర్‌కి మావిడాకులు కట్టడమే గుర్తొచ్చింది. ఆ విస్కీలో ఒక పొగ వాసన ఉంటుంది. నెట్‌లో దాన్ని ఏవేవో పేర్లతో వర్ణిస్తారు. మన అనకాపల్లి చోడవరం వాళ్లకి అంత అక్కర్లేదు. బెల్లం పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగేసినప్పుడు వచ్చే పొగ తెలుసు కదా, దానికి చుట్టం.

ఇప్పుడు కెమెరా కాస్త పక్కన పెట్టినట్టే మాట్లాడతాను.

టోక్యోలో నేనుండేది నిషికసాయి. ఇండియన్లు బాగా ఉండే ఏరియా, కందిపప్పు, ఇడ్లీ రవ్వ అన్నీ దొరుకుతాయి. పొద్దున్నే తోజాయ్ లైన్‌లో నలిగి ఆఫీసుకి. సాయంత్రం ఎప్పుడైనా టీమ్ అంతా కలిసి తాగడానికి వెళ్తే దాన్ని నొమికాయ్ అంటారు. అక్కడ ఎవరి గ్లాసు వాళ్లు నింపుకోరు. పక్కవాడిది నువ్వు పోయాలి, నీది వాడు పోస్తాడు. ఇదేదో బాగుందే అనుకున్నాను. డ్రైవింగ్ విషయంలో మాత్రం జోక్ లేదు. తాగి నడిపినవాడికే కాదు, తెలిసి వాడి పక్కన కూర్చున్నవాడికీ, తాగించినవాడికీ కేసే.

కానీ నొమికాయ్ రోజూ ఉండదు. ఒంటరి గది రోజూ ఉంటుంది. రూమ్ కింద కన్వీనియెన్స్ స్టోర్. కౌంటర్ దగ్గర స్క్రీన్ మీద "20 ఏళ్లు నిండాయా" అని వస్తుంది, అవును అని నొక్కాలి. నొక్కేవాణ్ణి. మొదట్లో శుక్రవారం ఒక హైబాల్ క్యాన్. తర్వాత రెండు. తర్వాత 9 శాతం ఉండే పెద్ద క్యాన్లు, అవి చవక. షెల్ఫ్ మీద ఉన్న మంచి సీసాలు ఫోటోలకి, ఈ క్యాన్లు రాత్రికి. బయటికి నేను విస్కీ ఎంథూజియాస్ట్‌ని, టేస్టింగ్ నోట్స్ రాసేవాణ్ణి.

అక్కడ చెత్త వేరుచేసి, ఏ రోజుది ఆ రోజే పెట్టాలని తెలుసు కదా. మా వీధిలో క్యాన్లూ సీసాలూ వారానికి ఒకరోజు. పొద్దున్న ఎనిమిదిలోపు తీసుకెళ్లి పెట్టాలి. ఒకరోజు సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే గలగలా ఒకటే చప్పుడు. కింద ముసలావిడ, రోజూ నమస్కారం పెట్టే ఆవిడే, పక్కకి జరిగి దారిచ్చింది. ఏమీ అనలేదు. జపాన్‌లో అనరు. పైకొచ్చి లెక్కపెట్టుకున్నాను. ఆ వారానివి పదహారు. ఏడు రోజుల్లో తాగని రోజు ఒక్కటీ లేదు.

ఆ నంబర్ నన్నెందుకు భయపెట్టిందంటే, మా మావయ్య. అమ్మకి ఒక్కడే తమ్ముడు. సీజన్‌లో చెరుకు ట్రాక్టర్ తోలేవాడు. నేను బీటెక్ సెకండియర్‌లో ఉండగా లివర్ పాడై పోయాడు. అప్పటికి వయసు నలభై లోపే. అమ్మ చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చింది, 1997కల్లా పోయింది. నిషేధం ఉన్నప్పుడు మావూళ్లో బెల్లం ఊటతో నాటుసారా, పోయాక బెల్ట్ షాపు. దుకాణాలు మారాయి గానీ ఇంట్లో అమ్మ పడే గొడవ మారలేదు. అందుకే మా ఇంట్లోకి సీసా రాకూడదు.

అలాంటి ఇంటికి నేను మూడు తెచ్చాను. సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి దాచాను. మూడోరోజు అమ్మ ఉతకడానికి బట్టలు తీసింది.

మొదట నిక్కా చేతికొచ్చింది. "ఇదేట్రా, సిరాబుడ్డిలాగున్నాది" అంది. నేను నోరు తెరవలేదు. మిగతా రెండూ కూడా బయటికొచ్చాయి. అరుస్తుందనుకున్నాను. మంచం మీద కూర్చుని, "మీ మావయ్య తాగిందీ ఇదీ ఒకటేనా?" అని అడిగింది.

నాకు తెలిసిన సబ్జెక్ట్ కదా, మొదలెట్టాను. "కాదమ్మా, మన దగ్గర చవగ్గా దొరికే విస్కీ చాలా వరకు మొలాసిస్‌తో చేసేది. చెరుకు రసం కాచి పంచదార తీశాక మిగిలే నల్లటి చిక్కటి మడ్డి. దాన్ని పులియబెట్టి 96 శాతం స్పిరిట్ తీస్తారు. నీళ్లు, రంగు, ఫ్లేవర్, కాస్త మాల్ట్ కలిపి విస్కీ అంటారు. యూరప్‌లో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఇది బార్లీ మొలకెత్తించి చేసింది, పీపాలో ఏళ్ల తరబడి ఉంటుంది. మన బెంగళూరు అమృత్ వాళ్లు కూడా అలాంటిది చేసి 2004లో గ్లాస్గోలో అమ్మారు. మన వేడికి పీపాలోంచి ఏడాదికి పదో వంతు ఆవిరైపోతుంది, స్కాట్లాండ్‌లో రెండు శాతమే..."

అమ్మ అంతా వింది. విని, "లోపలికెళ్లాక బార్లీయో బెల్లమో లివర్‌కి తెలస్తాదేట్రా?" అంది.

తెలీదండి. లోపలికెళ్లాక అంతా ఒక్కటే ఇథనాల్. నాకంటే బాగా చెప్పింది. పైగా ఇంకో సంగతి అప్పుడే బుర్రకెక్కింది. మా చేలో చెరుకు, మావయ్య తోలిన ట్రాక్టర్, ఫ్యాక్టరీ, మడ్డి, స్పిరిట్, క్వార్టర్ సీసా, మళ్లీ మావయ్య చేతికి. ఈ చెయిన్ మొత్తం నా కళ్ల ముందే ఉండేది, నేనెప్పుడూ కలిపి చూడలేదు.

అప్పుడు పదహారు క్యాన్ల సంగతి చెప్పేశాను. గలగల చప్పుడు, ముసలావిడ, అన్నీ. ఆ వారం తర్వాత మానేశాను అంటే అబద్ధం, మూడు నెలలు పట్టింది. స్టోర్ దారి మార్చి, స్టేషన్ నుంచి అటువైపు గేటులోంచి వచ్చేవాణ్ణి. ఆఫీసులో తెలుగు ఫ్రెండ్ ఒకడికి చెప్పి, రోజూ రాత్రి పదింటికి ఫోన్ చెయ్యమన్నాను. వాడు చేశాడు. కొన్ని రాత్రులు అబద్ధం చెప్పాను, వాడికి తెలిసిపోయింది. మీలో ఎవరైనా ఆ లెక్క దగ్గర ఉంటే, అప్పటికే వణుకు, నిద్ర పట్టకపోవడం లాంటివి ఉంటే, నాలాగా సొంతంగా ఒక్కసారి ఆపేయకండి. డాక్టర్‌కి చూపించుకోండి, ఒంటికి ప్రమాదం అది.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇంతలో నాన్న చేలోంచి వచ్చి, మంచం మీద మూడు సీసాలు చూసి, మా ఇద్దరినీ చూసి, "ఏదీ, చెరుకు కాని మందు ఒక మూతెయ్, వాసన చూద్దాం" అన్నాడు. అమ్మ చూసిన చూపుకి కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయాడు పాపం.

అందుకని కామెంట్స్‌లో అడిగిన వాళ్లకి: యోయిచి టేస్ట్ ఎలా ఉంది, నీళ్లు కలిపితే ఎలా మారుతుంది, అవన్నీ డిస్టిలరీలో తాగినప్పుడు రాసుకున్న నోట్స్ లోంచి చెప్పగలను, ఈ సీసాలోంచి కాదు. మూడూ సీల్ తీయకుండానే ఉన్నాయి. ఇవాళ వీడియో కోసం అడిగితే అమ్మ బీరువా తాళం తీసి ఇచ్చింది, అరగంటలో తిరిగివ్వాలంది. ఇప్పటికే నలభై నిమిషాలైంది. కింద నుంచి పిలుస్తోంది, వినపడుతోందా? వెళ్లొస్తానండి.