పదిహేను రోజుల రాజు, చెరువు తవ్వించిన రాణి
(అధ్యక్షోపన్యాసం)



విజ్ఞాన సర్వస్వం కూర్చేవారికి మహారాజులతో పేచీ ఉండదు. గణపతిదేవుడికి, రుద్రమదేవికి, కృష్ణదేవరాయలకు ఎన్ని పుటలివ్వాలన్నదే చర్చ తప్ప, ఇవ్వాలా వద్దా అని ఎవరూ అడగరు. చిక్కంతా చిన్న రాజులతోనే. నాలుగు రోజులు గద్దె మీద కూర్చున్నవాడు, గద్దె దక్కని తమ్ముడు, పక్క రాజ్యానికి కోడలిగా వెళ్లిన ఆడబిడ్డ: వీళ్లకు విడిగా వ్యాసం రాయాలా, లేక వంశం మీది వ్యాసంలో ఒక వాక్యంతో సరిపెట్టాలా? పరిష్కర్తలు తరచు కిరీటాన్ని చూసి తీర్పు చెబుతారు. ఆ కొలత తప్పని ఈ అధ్యక్షపీఠం గట్టిగా నమ్ముతోంది.

తూర్పు చాళుక్యుల సంగతే చూడండి. వాళ్ల తామ్రశాసనాల్లో ఎవరి తరవాత ఎవరు, ఎంతకాలం ఏలారు అన్నది వరసగా ఉంటుంది. పదో శతాబ్దం మొదటి సగంలో మొదటి అమ్మరాజు పోయాక వేంగిలో దాయాదుల పోరు రేగింది. అమ్మరాజు కొడుకు బేత విజయాదిత్యుడు ఏలింది 15 రోజులు. అతణ్ణి తోసేసి తాళపుడు ఎక్కాడు, ఒక్క నెల. తాళపుణ్ణి తొలగించి రెండో విక్రమాదిత్యుడు, 11 నెలలు. రాజైతే చాలు, వ్యాసం ఖాయం అనుకుంటే ముగ్గురికీ మూడు వ్యాసాలు పడతాయి. అవి మూడూ చదివిన పాఠకుడికి దొరికేది ఒకే గొడవ, ముగ్గురి వైపు నుంచి. ఆ గొడవ మీద ఒక మంచి వ్యాసం రాసి, మూడు పేర్లనూ దానికి దారి మళ్లిస్తే చరిత్ర బాగా అర్థమవుతుంది.

అదే గొడవలోంచి పైకొచ్చిన యుద్ధమల్లుడి కథ వేరు. అతడు తాళపుడి కొడుకని చరిత్రకారులు సాధారణంగా గుర్తిస్తారు. అతని పేరుతో ముడిపడ్డ బెజవాడ శాసనంలో నన్నయకు ముందుకాలపు తెలుగు పద్యాలున్నాయి, అవీ మధ్యాక్కరలు. కార్తికేయుని గుడి ప్రసక్తి ఉంది. ఛందస్సు చదివేవాడు, బెజవాడ చరిత్ర చదివేవాడు, శైవం చదివేవాడు, ముగ్గురూ అతని వ్యాసం దగ్గరికి రావలసిందే. తండ్రికి ఒక వాక్యం చాలు. కొడుక్కి నాలుగు పుటలు కావాలి.

ఇప్పుడు పక్క రాజ్యానికి కోడలిగా వెళ్లిన గణపాంబ దగ్గరికి వద్దాం. ఆమె కాకతి గణపతిదేవుని కూతురు, ధరణికోట ఏలిన కోట వంశపు బేతరాజు భార్య. చాలా పుస్తకాల్లో ఆమె పరిచయం అంతటితో అయిపోతుంది. గుంటూరు సీమలోని యనమదల శాసనం మాత్రం అక్కడ ఆగదు. 1250 నాటి ఈ శాసనాన్ని హుల్ష్ పండితుడు ఎపిగ్రాఫియా ఇండికా మూడో సంపుటంలో ప్రకటించాడు. భర్త పోయాక ఆయన పుణ్యం కోసం ఆమె గుడి కట్టించింది, తండ్రి పేరు మీద మరో గుడి నిలబెట్టింది, వాటికి వృత్తులు ఏర్పరచింది. పుట్టింటివారి వంశక్రమాన్ని కూడా అందులో చెప్పించింది. కాకతీయుల వంశావళిని కూర్చిన తొలి పరిశోధకులు ఈ శాసనాన్ని పక్కన పెట్టలేకపోయారు. తండ్రి వంశచరిత్రకే ఆధారమిచ్చిన స్త్రీని తండ్రి వ్యాసంలో అడుగున ఒక పంక్తిగా ఉంచడం అన్యాయం.

కొండవీటి రెడ్డిరాజుల ఇంట్లో ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. పెదకోమటి వేమారెడ్డి భార్య సూరాంబ సంతానసాగరమనే చెరువు తవ్వించింది. ఆ సంగతి 1409 నాటి ఫిరంగిపురం శాసనం చెబుతుంది. ఆ శాసనాన్ని రచించినవాడు అప్పటికి ఆస్థాన విద్యాధికారిగా ఉన్న శ్రీనాథుడు. చెరువుకు నీళ్లు రావాలిగా! పెదకోమటి వేముని కొడుకు రాచవేముడు యువరాజుగా ఉన్నప్పుడు జగనొబ్బగండ కాలువ తవ్వించి ఆ చెరువుకు నీరు మళ్లించాడు. 1415 నాటి అమీనాబాదు శాసనం అందుకు సాక్ష్యం.

రాచవేముడి పేరు ఎత్తగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది కాలువ కాదు, పురిటి సుంకం. 1420లో రాజయ్యాక బిడ్డ పుడితే పన్ను కట్టమన్నాడని, ఆ పన్ను బాధ భరించలేక సవరం ఎల్లయ్య అతణ్ణి పొడిచి చంపాడని కొండవీటి కథలు చెబుతాయి. శాసనం చెప్పేది ఒకటి, ఊళ్లో చెప్పుకున్నది ఇంకొకటి. వంశం మీది పెద్ద వ్యాసంలో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచే చోటు దొరకదు. అక్కడ రాచవేముడు అంటే చివరి రాజు, దుర్మార్గుడు, పొడిపించుకుని పోయాడు అని తేల్చేస్తారు. విడిగా వ్యాసం ఉంటేనే పల్నాడు, గుంటూరు పల్లెల సాగునీటి చరిత్ర, సుంకాల చరిత్ర, కైఫీయతులనే ఊరి చరిత్రల మీద ఎంతవరకు ఆధారపడవచ్చునన్న చర్చ ఒకచోట కుదురుకుంటాయి. కంపెనీ సర్వేయరు మెకంజీ దొర కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి అనుచరులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయతుల్లో ఇలాంటి చిన్న దొరలు, దొరసానులు ఎందరో ఉన్నారు. ఆ పేర్లు కథలో మిగిలిపోతాయా, చరిత్రలోకి వస్తాయా అన్నది వ్యాసం రాసే మనిషి ఓపిక మీదే ఉంటుంది.

ఆధారం ఇవాళ లేకపోతే రేపు రావచ్చునన్నదీ మరవకూడదు. విజయనగరపు బుక్కరాయల కొడుకు కంపరాయలు తండ్రికన్నా ముందే కన్నుమూశాడు, చక్రవర్తి కాలేదు. అతని రాణి గంగాదేవి రాసిన సంస్కృత కావ్యం మధురావిజయం తాళపత్ర ప్రతి 1916లో తిరువనంతపురంలో బయటపడింది. అందులో ఆమె తన ముందటి కవుల్ని తలుచుకుంటూ తిక్కనకూ నమస్కరించింది. 1915లో ఎవరైనా పరిష్కర్త ఆమెకు వ్యాసం వద్దని ఉంటే తప్పు పట్టలేం. ఆ తరవాత కూడా వద్దంటే మాత్రం తప్పే.

కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని అకారాదిగా మొదలుపెట్టారు. 1923లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పని తొలి సంపుటాల దగ్గరే ఉంది. తరవాత తెలుగు భాషా సమితి విషయాలవారీ పద్ధతి ఎంచుకుంది. అందులో రాజవంశం ఒక అంశం, వ్యక్తి దాని కింద ఉపాంశం. అచ్చు కాగితం, ఖర్చు, కాలం దృష్ట్యా అది వివేకమే. తెరమీది విజ్ఞాన సర్వస్వానికి కాగితం కొరత లేదు. తెలుగు వికీపీడియాలో చిన్న వ్యాసాన్ని మొలక అంటారు. మొలకలు వేయడం తేలిక, పెంచడమే కష్టం. తండ్రి పేరు, భర్త పేరు, మరణించిన ఏడు తప్ప చెప్పడానికేమీ లేని మొలక పాఠకుడికి ఏ సాయమూ చేయదు.

కులగౌరవం కోసం, సంస్థానపు వారసులమన్న పేరు కోసం రాసే వ్యాసాల విషయంలో మెత్తబడకూడదు. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలనూ బిరుదులకు గుర్తింపునూ రద్దు చేసింది. ఆ తరవాత పుట్టిన మనిషికి తాతగారి బిరుదు చాలదు. తాను చేసిన పని ఉండాలి. ఇదే సూత్రం రేవా మహారాణి అప్పలకొండమాంబకు వర్తింపజేసి చూడండి. ఆమె విజయనగరం సంస్థానాధీశుడు ఆనంద గజపతికి తోబుట్టువు. ఆనంద గజపతికి గురజాడ 1897లో కన్యాశుల్కం అంకితమిచ్చారు. ఆయన పోయాక గురజాడ ఈమెకే ఆంతరంగిక కార్యదర్శి అయ్యారు. విజయనగరం వారసత్వ వ్యాజ్యం నడిచిన ఆ ఏళ్లలో గురజాడ జీవితమంతా ఈమె కొలువుతో పెనవేసుకుంది. అయినా సాహిత్య చరిత్రల్లో ఆమె అనుబంధ పాత్రగానే మిగిలింది. దస్తావేజులు, ఉత్తరాలు చదివి ఆమె మీద ఒక పూర్తి వ్యాసం రాయడం ఈ సభలోని యువ పరిశోధకులు తలపెట్టవలసిన పని.

ఈ సభ ముందు మూడు కోరికలు. ఆధారమున్న రాణుల వ్యాసాలకు శీర్షిక వాళ్ల పేరుతోనే పెట్టండి, ఫలానావారి భార్య అని వద్దు. శాసనం చెప్పినదాన్నీ, కైఫీయతు చెప్పినదాన్నీ వేరుగా చూపించండి. ఆధారం చాలని పేర్లను వంశ వ్యాసానికి దారి మళ్లించండి, తొలగించకండి. రేపు ఏ పొలంలోనో మరో రాయి దొరికితే ఆ పేరు కింద రాయవలసినవాళ్లకు చోటు సిద్ధంగా ఉండాలి.